క్లబ్బుకు పోయేవాడు

నర్సింగ్‌ను పోలీసులు పట్టపగలు, చాయ్ హోటల్ ముందు, నలుగురూ చూస్తుండగా జీపెక్కించుకుని పోయారు. కూలీలు సైట్ నుంచి బస్సు దిగేసరికే ఆ సంగతి కంపెనీ క్యాంపంతా పాకింది. ఆ సాయంత్రం రూమ్‌లో అన్నం ఉడికినా ఎవరూ దించలేదు.

నర్సింగ్ ఆ రూమ్‌లో దాక్కుని ఉంటున్న మనిషి. నిజ్వా అవతల ఎడారిలో అరబ్బుల మేకలు కాసే పనికి వచ్చి, ఆ ఒంటరితనం భరించలేక పారిపోయాడు. సువైక్ ఖర్జూరం తోటల్లో కొన్నాళ్ళు దొరికిన పని చేశాడు. చివరికి తమ మెట్‌పల్లి దిక్కువాళ్ళు సహం అనే ఈ ఊళ్ళో ఉన్నారని తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ఒక్క కాగితం లేదు. రూమ్‌లో పెద్దవాడు మేస్త్రీ లచ్చన్న. "ఒక్క మనిషి ఎక్కువైతే మనకు అన్నం తక్కువైతదా" అని ఉంచుకున్నాడు. కంపెనీకి తెలిస్తే అందరి పనీ పోతుందని రూమ్ మొత్తానికీ తెలుసు. అందుకే ఎవరూ బయట నోరెత్తలేదు. ఎత్తలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నారు.

"ఎవడో చెప్పిండు," అన్నాడు జయరాముడు. కడ్డీలు వంచే పని చేసే జయరాముడికి కోపం వస్తే ఆగదు. "చెప్పకుంటె పోలీసులకు ఎట్ల ఎర్కైతది? హోటల్ కాడ అంతమంది ఉంటె సక్కగ వచ్చి వాని రెక్కనే పట్టుకున్నరట."

ఎవరూ పేరు ఎత్తలేదు. అందరి చూపులూ మాత్రం కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మంచం మీదికి పోయాయి. అది గణపతిది. ఆ వేళకు గణపతి క్లబ్బులో ఉన్నాడు.

సముద్రం దిక్కు పోయే దారిలో సహం ఊరివాళ్ళ స్పోర్ట్స్ క్లబ్బు ఉంది. గణపతి తన సొంత ఊళ్ళో వాలీబాల్ బాగా ఆడినవాడు. నిరుడు ఒక శుక్రవారం ఆ గ్రౌండ్ గోడ దగ్గర నిలబడి చూస్తుంటే బంతి బయటికొచ్చి పడింది. అతను దాన్ని వేళ్ళ కొసలతో లేపి లోపలికి పంపిన తీరు చూసి క్లబ్బు సెక్రటరీ ఖల్ఫాన్ లోపలికి పిలిచాడు. లీగ్ పోటీల్లో పరదేశిని ఆడనివ్వరు. అందుకని ప్రాక్టీసుకూ, ఊరికీ ఊరికీ జరిగే సరదా మ్యాచులకూ పిలుస్తుండేవారు. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు తెల్ల పికప్ క్యాంపు గేటు ముందు ఆగేది. గణపతి స్నానం చేసి, తెల్ల బూట్లు వేసుకుని ఎక్కి వెళ్ళేవాడు. మొదట్లో రూమ్‌లో అందరికీ అది గొప్పగా ఉండేది. ఇప్పుడు అదే లచ్చన్నకు వేరేగా కనిపించసాగింది. రంజాన్‌కు వాళ్ళు గణపతికి డబ్బా ఖర్జూరాలు ఎందుకు పంపారు? ఫోర్‌మన్ అతనికి ఎండలో పని ఎందుకు తగ్గించాడు? మనం పలకరిస్తే తలకాయ తిప్పుకునే ఊరివాళ్ళు, వీడిని చూస్తే చేతులెందుకు ఊపుతారు?

గణపతి వచ్చి బూట్లు విప్పుతుండగా లచ్చన్న అడిగాడు.

"నర్సింగ్ సంగతి క్లబ్బుల ఎవలకన్న చెప్పినవా?"

గణపతి బూటు లేసు ముడి విప్పి, రెండో బూటు కూడా తీసి పక్కన పెట్టాడు. "చెప్పిన కాకా," అన్నాడు.

జయరాముడు లేచి నిలబడ్డాడు. లచ్చన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవలకు చెప్పినవ్? ఎందుకు చెప్పినవ్?"

"గదొక్కటి మాత్రం అడగకు."

ఆ మాటతో గణపతి కథ రూమ్‌లో ముగిసింది. మరునాటి నుంచి అతని గిన్నె వేరు, పొయ్యి వేరు. అతను లోపలికి వస్తే మాటలు ఆగేవి. మాటల మధ్యలో ఎవరైనా నవ్వితే అతను తలెత్తి చూసేవాడు, మళ్ళీ దించుకునేవాడు. అయినా క్లబ్బు మానలేదు. పికప్ హారన్ వినిపించగానే బయటికి పోయేవాడు. సిగ్గు లేనివాడని ఒకరు, ఇంకెవరి పేరు చెప్పడానికి పోతున్నాడోనని ఒకరు అనుకునేవారు.

లచ్చన్నకు మాత్రం ఒక్క విషయం అర్థం కాలేదు. చాయ్ హోటల్ నడిపే మలబారీ అతనికి ఒక మాట చెప్పాడు. ఆ రోజు నర్సింగ్ ఇస్త్రీ చేసిన అంగీ వేసుకుని వచ్చాడట. జీపు వచ్చేదాకా చాయ్ కూడా చెప్పకుండా బయటి బల్ల మీద కూర్చున్నాడట. జీపు ఆగితే పారిపోలేదట. పోలీసులను చూస్తే గోడ దూకే నర్సింగ్ ఎందుకు కూర్చున్నాడు?

శుక్రవారం భోజనాలయ్యాక లచ్చన్న ఎవరికీ చెప్పకుండా క్లబ్బు దాకా నడిచాడు.

లోపల గ్రౌండ్ ఖాళీగా ఉంది. వరండాలో మాత్రం జనం ఉన్నారు. ఒక మూల ముసలివాళ్ళు చిన్న గిన్నెల్లో కహ్వా కాఫీ తాగుతూ ఏదో పొలం గట్టు తగాదా తెంపుతున్నారు. ఇంకో మూల పెళ్ళికి కట్టాల్సిన లైట్ల తీగలు విప్పుతున్నారు. చేపలకు పోయి ముందు రోజు రాత్రి ఒడ్డుకు రాని పడవ ఒకటి దొరికిందని, క్లబ్బు వాళ్ళే వెతికి తెచ్చారని మాట్లాడుకుంటున్నారు. ఇది బంతాడే చోటు మాత్రమే అనుకున్న లచ్చన్న, ఊరి పంచాయితీలోకి పిలవకుండా వచ్చినట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఖల్ఫాన్ లేచి వచ్చాడు. బలూచీ ఇంటివాడు కాబట్టి ఉర్దూ బాగానే మాట్లాడతాడు. లచ్చన్నకు హైదరాబాదు హిందీ వచ్చు.

"ఎవరు నువ్వు? ఏం కావాలి?"

"నర్సింగ్ అనే మనిషి గురించి అడగాలని వచ్చాను."

ఖల్ఫాన్ ముఖం ముడుచుకుంది. "నాకు తెలియదు. కంపెనీ పంపిందా నిన్ను?"

"కంపెనీ కాదు."

"మరి ఎవరు? ఎవరి పేర్లు కావాలి నీకు?"

ఇతను తనను అనుమానిస్తున్నాడని లచ్చన్నకు అప్పుడు తెలిసింది. తను గణపతిని చూస్తున్న చూపే ఇది. ఒళ్ళు మండింది, వెంటనే సిగ్గూ వేసింది.

"అతనికి అన్నం పెట్టినవాణ్ణి," అన్నాడు. "నా పేరు లచ్చన్న."

ఆ పేరు వినగానే ఖల్ఫాన్ అతన్ని వరండాకు దూరంగా గ్రౌండ్ చివరికి తీసుకుపోయాడు.

"నర్సింగ్ నీ పేరు చెప్పాడు. జరిగింది ఎవరికీ చెప్పనని గణపతికి మాటిచ్చాను. నీకు ఒక్కడికే చెప్తున్నా. గణపతి ఒకరోజు అతన్ని ఇక్కడికి తెచ్చాడు. అతను అదిగో, ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఇంటికి పోతానన్నాడు. పోలీసులకు తనే లొంగిపోతే ఎంబసీ కాగితం ఇప్పించి పంపిస్తారని నేను కనుక్కున్నాను. స్టేషన్‌కు నాతో నడిచి రమ్మన్నాను. రానన్నాడు. పట్టుకుపోయినట్టు ఉండాలన్నాడు. నలుగురూ చూడాలన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పోలీసులకు ఎక్కడ ఎక్కించుకున్నా ఒకటే, సరేనన్నారు."

ఖల్ఫాన్‌కు అర్థం కానిది లచ్చన్నకు అర్థమైంది. నర్సింగ్ అంతకుముందు బొంబాయి నుంచి ఒకసారి, భీవండి మగ్గాల నుంచి ఒకసారి పని వదిలేసి ఊరికి పారిపోయినవాడు. "వాడు ఏడా నిలువడు" అని ఊరంతా నవ్వింది. ఈసారి కూడా నిలవకపోతే అతని భార్య సుమలతను పుట్టింటికి తీసుకుపోతామని ఆమె అన్నలు తెగేసి చెప్పారు. పోలీసులు పట్టుకుంటే అది ఖర్మ. తనంతట తాను వస్తే అది నగుబాటు.

సాయంత్రం గణపతి ప్రాక్టీసుకు వచ్చి, అక్కడ లచ్చన్నను చూసి ఆగిపోయాడు.

"నాకన్న చెప్తె ఏమైతుండె ర?" అన్నాడు లచ్చన్న.

"నీకు చెప్తె నువ్వు ఊకుంటవా కాకా? వాళ్ళు నన్ను తిడుతుంటె ఓర్వలేక అనేస్తవ్. రూమ్ల అంటె ఊర్లె అన్నట్టే. వారం తిరగకముందే ఎవడో ఒకడు ఉత్తరం బదులు క్యాసెట్ల మాటలు నింపి ఇంటికి పంపుతడు."

"మరి చెప్పిన అని ఎందుకన్నవ్? లేదంటె అయిపోతుండె గద."

"నువ్వు అడిగితివి. నీతోని అబద్ధం ఆడబుద్ధి కాలే."

లచ్చన్న ఆట అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రాత్రి రూమ్‌లో ఏమీ చెప్పలేదు. పళ్ళెం తీసుకుని పోయి గణపతి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. గణపతి గుడ్డు పొరటులో సగం అతని పళ్ళెంలో వేశాడు.

మంచాల దిక్కు నుంచి జయరాముడి గొంతు వినిపించింది. "ముసలాయన గూడ క్లబ్బుకు వోయి వచ్చిండట. ఆయనకేం ముట్టిందో."

ఆనాటి నుంచి లచ్చన్న లోపలికి వచ్చినా మాటలు ఆగేవి. తను పని నేర్పిన కుర్రవాళ్ళు కూడా మంచినీళ్ళు అందించి ముఖం తిప్పుకునేవారు. ఒక్క మాట చెబితే అంతా తేలిపోతుంది. ఆ మాట చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిసారీ నర్సింగ్ ఇంటి గడప గుర్తొచ్చి మింగేశాడు. నర్సింగ్ ఊరు చేరాడనీ, పాపం పోలీసులకు దొరికాడని అందరూ జాలిపడుతున్నారనీ, సుమలత ఇంట్లోనే ఉందనీ కొన్నాళ్ళకు ఎవరో చెప్పారు. గణపతి ఆ మాట విని ముసుగు తన్ని పడుకున్నాడు. ఇన్నాళ్ళకు అతనికి నిజమైన నిద్ర పట్టిందని లచ్చన్నకు అనిపించింది.

చలికాలం వచ్చాక, ఒక గురువారం మధ్యాహ్నం, సైట్‌లో నీళ్ళ ట్యాంకు వెనక లచ్చన్న చేతులు కడుక్కుంటుంటే జయరాముడు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. అతని కళ్ళ కింద నలుపు, బుగ్గలు లోపలికి పోయాయి.

"కాకా, ఆ క్లబ్బాయన మనిషిని ఇంటికి పంపిస్తడట గద?"

"ఎవలన్నరు?"

"ఎవలు అనలే. నర్సింగ్ గంత జల్ది ఊరు చేరిండు గద, నేనే అనుకున్న."

లచ్చన్న అతని ముఖంలోకి చూశాడు. నిజంగా ఇంటికి పోవాలని అడుగుతున్నాడా, మాట రాబట్టి రూమ్‌లో చాటడానికి వచ్చాడా? గణపతిని అందరికంటే ముందు వెలివేసిన నోరు ఇది. కానీ ఆ కళ్ళు నిద్ర లేనివి. అబద్ధానికి వచ్చినవాడికి కూడా నిద్ర కరువు కావచ్చు.

"నాకేం ఎర్క లేదు," అన్నాడు లచ్చన్న. జయరాముడు తల దించుకుని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు పోనిచ్చి లచ్చన్న మళ్ళీ పిలిచాడు.

"రేపు పక్కూరోళ్ళతోని మ్యాచ్ ఉన్నది. గణపతి ఆడుతుండు. చూద్దువు రా. ఆడ ఖల్ఫాన్ ఉంటడు. ఏమన్న ఉంటె ఆయననే అడుగు."

"నువ్వుంటవా?"

"ఉంట."

జయరాముడు తల ఊపాడు. తామిద్దరూ మాట్లాడుకోవడం ఎవరైనా చూశారేమోనని ఒకసారి ఇసుక కుప్పల దిక్కు చూసి, వచ్చిన దారిన కాకుండా ట్యాంకు చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.