అక్కకింకా శుక్రవారమే

తెల్లవారకముందే పెరట్లో కాలిన రాళ్ల మీద పందులను పెట్టి అరిటాకులు కప్పేశారు. చర్చిలో పాస్టరుగారు సిద్ధం. పెలెనతెతె కూతురి పెళ్లికి ఇక రావాల్సింది ఆమె అక్క లోసా ఒక్కతే. వాళ్లమ్మ నేసిన సన్నచాప ఆమె దగ్గరే ఉంది. ఆ చాప విప్పి కానుకగా ఇవ్వకపోతే మగపెళ్లివారి ముందు తలెత్తుకోలేరు.

లోసా సమోవాకి పక్క దీవి టుటుయిలాలో, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. చిన్న విమానమెక్కితే కునుకు పట్టేలోపే దిగేంత దూరం.

చూసి చూసి పెలెనతెతె ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావక్కా?"

"ఇంట్లోనే. తలకి కొబ్బరినూనె పెట్టుకుంటున్నా. పెళ్లి రేపు కదే!"

"రేపేంటి? శనివారమని చెప్పానుగా!"

"చెప్పావు. ఇవాళ శుక్రవారం."

పెలెనతెతెకి అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు చివర్లో సమోవా ప్రభుత్వం క్యాలెండరులో ఒక రోజు ఎత్తేసి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వారంతో కలిసిపోయింది. చేమదుంపలు ఎగుమతి చేసే ఆమె భర్త తవిటా అప్పుడు పండగ చేసుకున్నాడు. అంతకుముందు తను శుక్రవారం ఫోన్ చేస్తే అక్కడి వ్యాపారులు శనివారం సెలవులో ఉండేవాళ్లు. అమెరికావాళ్ల ఏలుబడిలోని టుటుయిలా మాత్రం పాత రోజులోనే ఉండిపోయింది.

"పోనీ, పెళ్లి రేపు పెట్టుకుందామా?" అన్నాడు తవిటా.

"ఆదివారమా! ప్రార్థన తప్ప ఇంకేం చేసినా ఊరిపెద్దలు మనల్ని కూడా ఆ రాళ్లమీదే పెడతారు," అని కసిరి, పెలెనతెతె ఫోన్లో గట్టిగా చెప్పింది. "మధ్యాహ్నం విమానం ఎక్కెయ్యక్కా. నువ్వు రాందే గంట కొట్టనివ్వను."

పొద్దు వాలుతుండగా లోసా దిగింది. ఇంటి గౌనులోనే ఉంది, తల నూనె కారుతోంది, చంకలో చాప చుట్ట. విమానం దగ్గర మనిషినీ సామానునీ కలిపి తూచి, బరువెక్కువైందన్నారట. పెట్టె అక్కడే పడేసి చాపతో ఎక్కేసింది.

"నిన్నట్నుంచి సరాసరి వచ్చావా వదినా?" అన్నాడు తవిటా.

"నవ్వు మరిదీ, నవ్వు. నీ దుంపలమ్ముకోడానికి నన్ను నిన్నట్లో వదిలేశారుగా!"

అందరూ పకపకా నవ్వారు. పెలెనతెతెకి మాత్రం చివుక్కుమంది. రోజు మారాక అక్క దగ్గరికి ఒక్కసారైనా వెళ్లలేదు. పుట్టినరోజుకి ఫోన్ చేస్తే అదీ ఒకరోజు ముందే. ఆమె అక్క చెయ్యి పట్టుకుంది.

"తప్పయిందక్కా..."

"ఏడుపు తర్వాత. ముందు నాకు కట్టుకోడానికేదైనా ఇయ్యవే!"

చెల్లెలి గౌను లోసా భుజాలు దాటలేదు. ఆఖరికి కిటికీకున్న పూలతెర చుట్టుకుని చర్చికి నడిచింది. గంట మోగింది. ఆమె చాప విప్పి పైకెత్తి పట్టుకోగానే మగపెళ్లివారు లేచి నిలబడి ఎలుగెత్తి కృతజ్ఞతలు చెప్పారు. ఆ తర్వాత పెళ్లికొడుకు మేనమామతో పోటీపడి ఆమె వేసిన చిందులకు తెర రెండుసార్లు జారింది.

సోమవారం విమానమెక్కుతూ లోసా కన్నుగీటింది.

"ఇంటికెళితే నాకు మళ్లీ ఆదివారమే. కడుపునిండా నిద్రపోతా."

"వచ్చే నెల నేనొస్తా," అంది పెలెనతెతె.

"రా. ఏ రోజొస్తావో ఆ దుంపల సేటుని మాత్రం అడక్కు!"