పేర్లు మాత్రమే మార్చాను

నా నవల వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఆరు సభల్లో మాట్లాడాను. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి "ఇందులో నిజమెంత సార్?" అని అడుగుతారు. నేను గొంతు సవరించుకుని "అంతా నిజమే, పేర్లు మాత్రమే మార్చాను" అంటాను. చప్పట్లు పడతాయి. రిటైరైన మనిషికి చప్పట్లంటే మహా ఇష్టం.

ముప్పై ఏళ్లు జమ్మలమడుగు దగ్గర ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా పనిచేశాను. నవల నిండా అదే. ట్రాన్స్‌ఫార్మర్ల రొద, మోటార్లకు కరెంటు లేదని రైతులు ఫోన్లో తిట్టే తిట్లు, గంటకోసారి లాగ్‌బుక్కులో రాసే రీడింగులు. వీటి గురించి నాలా రాసినవాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

పోయిన నెల మక్బూల్ ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాడు. మా సబ్‌స్టేషన్ కింద లైన్‌మన్‌గా చేసినవాడు. కుడిచేయి మోచేతి కింద లేదు. ఎడంచేత్తో సంచిలోంచి నా నవల తీసి టేబుల్ మీద పెట్టాడు.

"నూట పన్నెండో పేజీ సదివినా అప్పా" అన్నాడు.

టీ పెట్టమని లోపలికి కేకేశాను. వద్దన్నాడు.

ఆ పేజీలో ఏముందో చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించుకుంటాడు. దాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటాం. పని ముగించి దిగాక తనే ఫోన్ చేసి ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. ఇంకెవరు చెప్పినా ఆపరేటర్ కరెంటు వదలకూడదు. నా నవలలో లైన్‌మన్ ఎల్‌సీ తిరిగి ఇచ్చేసి, ఆ సంగతి మర్చిపోయి మళ్లీ స్తంభం ఎక్కుతాడు. చేయి పోగొట్టుకుంటాడు. ఆపరేటర్ పరిగెత్తుకుంటూ వెళ్లి అతన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోతాడు. ఆ పేజీ చదివి ఏడ్చామని చాలామంది ఫోన్ చేశారు.

"నేను ఎల్‌సీ వాపసు ఇచ్చినానా?" అని అడిగాడు మక్బూల్.

"లేదన్నా."

ఇవ్వలేదు. ఆ రోజు చేలు ఎండిపోతున్నాయని ఫోన్ల మీద ఫోన్లు. ఎవరో పెద్ద రైతు "మీ మక్బూల్ దిగిపోయినాడు, కరెంటు వెయ్యి" అన్నాడు. నేను వేశాను. మక్బూల్ ఇంకా పైనే ఉన్నాడు. అతన్ని మోసుకుపోయింది పక్క చేలోని కూలీలు. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

విచారణలో తప్పు తనదేనని అతనే చెప్పాడు. అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు, ఉద్యోగం పర్మనెంటు కాలేదు. "నా చెయ్యి ఎట్లాగూ పాయె, నీ కూడు గూడ పోవడం ఎందుకప్పా" అన్నాడు ఆస్పత్రి మంచం మీద.

"ఆ పొద్దు అబద్ధం చెప్పింది నేనే. దానికి నిన్నేమీ అనను" అన్నాడు ఇప్పుడు. "కథలో ఏం రాసినా నీ ఉద్యోగం పోదు కదప్పా. ఈడన్నా నిజం రాయకపోతివే!"

నేను టేబుల్ మీది పుస్తకాన్ని నా వైపు లాక్కున్నాను.

"మావోడు ఉమైర్ పులివెందుల సైడు లైన్‌మన్‌గా చేరినాడు. ఆడ అందరూ నీ బుక్కు సదివినారు, పేరు మార్చినా చెయ్యి పోయినోడు నేనేనని కనుక్కున్నారు. మీ నాయన మాదిరి మర్చిపోయి ఎక్కేవు అని నవ్వుతాండారంట. వాడు గూడ అడిగినాడు, ఎట్లా మర్చిపోతివి అని. పదకొండేండ్లు స్తంభాలెక్కినా అప్పా. ఒక్కనాడూ మర్చిపోలే."

"నిజం చెప్పలేదా వాడికి?"

"చెప్పినా. మరి బుక్కులో అట్లా అచ్చేసిండారే అన్నాడు."

వచ్చే ఆదివారం పులివెందుల లైబ్రరీలో నా సభ ఉంది, ఉమైర్‌ను పంపమన్నాను. మక్బూల్ లేచి సంచి తీసుకున్నాడు. పుస్తకం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆదివారం ఉమైర్ వచ్చాడు. చివరి వరుసలో కూర్చున్నాడు. స్వర్ణలత అనే టీచరమ్మ లేచి నాకు అలవాటైన ప్రశ్నే అడిగింది. గొంతు సవరించుకున్నాను. నీళ్లు తాగాను.

"పేర్లు మార్చానమ్మా. తప్పు కూడా మార్చాను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. రైతు ఫోను, నేను వేసిన కరెంటు, కదలని కుర్చీ.

చప్పట్లు పడలేదు. అధ్యక్షుడు వాచీ చూసుకుని "రచయితకు ఆ స్వేచ్ఛ ఉంటుంది" అని సర్దబోయాడు.

"ఉంటుంది. దాన్ని నన్ను కాపాడుకోవడానికి వాడుకున్నాను" అన్నాను.

జనం లేచారు. ఉమైర్ వేదిక దగ్గరికి వచ్చాడు. చేతిలో నా నవల, వాళ్ల ఆఫీసులో చేతులు మారి అట్ట నలిగిన కాపీ. నూట పన్నెండో పేజీ తెరిచి పెన్ను నా ముందు పెట్టాడు.

"మాటలు ఈడికొచ్చినోళ్లే విన్యారు. మా ఆఫీసులో సదివేది ఈ బుక్కే. రాసియ్యండి సార్."

పేజీ అంచున ఖాళీ కొంచెమే ఉంది. లాగ్‌బుక్కులో రాసినట్టే రాశాను. ఉదయం 11.40. ఎల్‌సీ తీసుకున్నది మక్బూల్. తిరిగి ఇవ్వలేదు. కరెంటు వదిలిన ఆపరేటర్ ఆదినారాయణ. కింద సంతకం పెట్టాను.

ఉమైర్ అక్కడే నిలబడి వాళ్ల నాయనకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆ నాలుగు ముక్కలూ చదివాడు.

"ఇంకోసారి సదువు" అన్నాడు మక్బూల్.