ఏటా పెరిగిన వరద

ఎర్ర వరద వచ్చిన ఏడాది అది. నేను ఒక రాయినయింది ఆ ఏడాదే. అంతకుముందు కొండలో ఉండేదాన్ని, అక్కడ ఎవరికీ విడిగా పేరుండదు. వరద తీశాక పాలరేవులో పల్లపు వీధి జనం కొండ దగ్గరికి మనిషిని పంపి, నిలువెత్తు బద్దగా నన్ను కొట్టించి ఎడ్లబండి మీద తెచ్చుకున్నారు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో రాబోయేవాళ్లకు తెలియాలని వాళ్ల కోరిక. కల్వర్టు పక్కన గొయ్యి తీసి పాతారు.

గీత ఎక్కడ కొట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఒకరు నడుం దగ్గరన్నారు. ఒకరు నెత్తి మీద మూరెడన్నారు. ఎవరి నష్టాన్ని బట్టి వాళ్ల లోతు. చివరికి గుబ్బల సత్తియ్యను పిలిచారు. అప్పుడప్పుడే మీసం వస్తున్నవాడు. వరద రోజున పొద్దస్తమానం ఆ వీధిలో నీళ్లలో నిలబడ్డవాడు అతనొక్కడే. నా పక్కకొచ్చి నిలబడి, గడ్డం కింద చెయ్యి ఆనించి చూపించాడు. రాళ్లు కొట్టే యెంకన్న అక్కడ గీత కొట్టి, కింద ఎర్ర వరద అని చెక్కాడు. నాకు చదువు రాదు. నా మీద ఏముందో జనం చదవగా విన్నాను.

ఆ తర్వాత చాలాకాలం నాకు పని లేదు. గేదెలు వీపు గోక్కునేవి. ఆడవాళ్లు తడి తువ్వాళ్లు ఆరేసేవారు. అది గౌరవం కాదని నాకు తెలియదు కాబట్టి సుఖంగానే ఉన్నాను.

గౌరవం చరిత్ర సంఘంతో వచ్చింది. స్టేషన్ మాస్టరుగా చేసి దిగిన దువ్వూరి సోమయాజులు గారు అధ్యక్షుడు. ఫోటో స్టూడియో పద్మనాభం కార్యదర్శి. ఊరి చరిత్ర కోసం వెతుకుతుంటే వాళ్ల చేతికి ముందుగా అందింది నేనే. ఏటా వరద వచ్చిన రోజున సభ పెట్టేవారు. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి, పక్కన దీపం వెలిగించి ప్రసంగాలు మొదలుపెట్టేవారు. అన్నీ అయ్యాక పులిహోర.

పులిహోరకు ముందు ఆఖరి ప్రసంగం సత్తియ్యది. అప్పటికి ముసలివాడయ్యాడు. వరదను చూసినవాళ్లలో మిగిలింది అతనూ, చెల్లెలు మంగాయమ్మానూ. మైకు ముందుకొచ్చి, "వచ్చిందండి. పోయిందండి," అని దిగిపోయేవాడు. ఆకలి మీదున్న జనానికి అంతకంటే నచ్చిన వక్త లేడు.

అన్న మింగేసిన మాటలన్నీ మంగాయమ్మ పులిహోర వడ్డిస్తూ చెప్పేది. "వచ్చి పోడానికి అదేవన్నా చుట్టవాండీ? నేనప్పటికి చంటిదాన్ని. అన్నయ్య నన్ను బుజాల మీదెక్కించుకుని పొద్దుగూకేదాకా అలా నిలబడే ఉన్నాడండి. గడ్డం దాకా వచ్చి ఆగినియ్యి నీళ్లు. ఇంకో జానెడొస్తే మేవిద్దరం లేవండి. ఇంకాస్త వెయ్యమంటారా?"

సత్తియ్యకు ఇల్లు లేదు, పొలం లేదు, పెళ్లి లేదు. బతుకంతా రేవులో బస్తాలు మోశాడు. మోసిన బస్తాలు ఎవరికి గుర్తుంటాయి. ఊళ్లో అతన్ని చూసి ఎవరైనా కుర్చీ జరిపారంటే అది ఆ ఒక్క రోజు మోసిన బరువు వల్లే.

ఇక నా సంగతి. పల్లపు వీధిలో చేపల వాసనకు అతిథులు ముక్కులు మూసుకుంటున్నారని సభను గ్రంథాలయం ఆవరణకు మార్చారు. గ్రంథాలయం బాగా మెరక మీదుంది. సభ మారితే రాయీ మారాలి కదా, లేకపోతే దీపం ఎక్కడ వెలిగిస్తారు. నన్ను తవ్వి అక్కడ పాతారు. మరో ఏడు ఎండగా ఉందని మెట్లెక్కించి వరండాలో నిలబెట్టారు. ఆపైన, ఫోటోల్లో నేను జనం తలల వెనక పడిపోతున్నానని పద్మనాభం సిమెంటు దిమ్మ కట్టించి దాని మీదికి ఎక్కించాడు. నాతోపాటు నా గీత ఎక్కింది. గీతతోపాటు వరదా ఎక్కింది. ఎవరూ కాదనలేదు. సొంత ఊరి వరద పెద్దదవుతుంటే ఎవరికి చేదు. అవతలి ఒడ్డు సంఘంవాళ్లు మా వరదను చూసి కుళ్లుకుంటున్నారని సోమయాజులు గారు ప్రతి సభలోనూ చెప్పేవారు.

ఆ ఏడు పట్నం నుంచి డాక్టర్ చెరుకుమిల్లి వామనమూర్తి గారిని పిలిచారు. నదుల మీద పరిశోధన చేసిన మనిషి. మూడు కాళ్ల దుర్భిణీ ఒకటి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నమంతా నా గీత వైపు చూసి, అదే ఎత్తున పల్లపు వీధి వైపు చూసి లెక్కలు కట్టుకున్నాడు. సాయంత్రం మైకు అందుకున్నాడు.

"ఈ శిలాచిహ్నం ప్రకారం ఆనాడు పల్లపు వీధిలో ఇళ్ల కప్పులు మునిగాయి. కప్పుల మీద ఇంకో నిలువు నీళ్లు నిలిచాయి. ఒక్క ప్రాణి మిగిలే అవకాశం లేదు."

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. సోమయాజులు గారు కళ్లు తుడుచుకున్నారు. అవతలి ఒడ్డున బతికి బయటపడ్డవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లది ఇక వరదే కాదు.

చప్పట్లు తగ్గాక మంగాయమ్మ గరిటె పట్టుకునే ముందుకొచ్చింది. "మరి మేవెవరవండీ?"

వామనమూర్తి గారు మర్యాదస్తుడు. "మీ మనసు నొప్పించాలని కాదమ్మా. చరిత్ర ప్రకారం మీరు లేరు."

"లేనిదాన్ని పులిహోరెలా కలిపానండీ?"

"వాసన బాగుందమ్మా. అది వేరే విషయం."

సంఘం నా వెనకే గుమిగూడింది. రాయి తప్పంటే, మన వరదే పెద్దదని ఊరి ముఖద్వారం మీద రాయించిందంతా చెరిపించాలి అన్నాడు పద్మనాభం. సోమయాజులు గారు నా దండ వైపు చూశారు. "రాయీ మాట్లాడదు, సత్తియ్యా మాట్లాడడు. కానీ రాయికి ఇప్పటికే దండ వేసేశాం."

అది నచ్చింది అందరికీ. సత్తియ్యకూ ఒక దండ వేస్తే సరిపోతుందన్నారు. అన్నాచెల్లెళ్లను వరద అమరులుగా ప్రకటించారు. పద్మనాభం స్టూడియోకెళ్లి సత్తియ్య ఫోటో పట్టుకొచ్చి దండ వేశాడు. దాని ముందు దీపం వెలిగించడానికి వయసులో పెద్దవారు రావాలన్నారు. సభలో అందరికంటే పెద్దవాడు సత్తియ్యే. అతనే వెలిగించాడు. శాలువా ఫోటోకు కప్పితే జారిపోతోందని తాత్కాలికంగా అతని భుజాల మీద వేశారు.

"మీరు ఎలా పోయారో రెండు మాటలు చెప్పండి," అని మైకు ముందుకు జరిపాడు పద్మనాభం.

సత్తియ్య మైకు దగ్గరికి వంగాడు. "తెలీదండి. ఆ రోజు పనిలో ఉన్నాను."

ఎవరూ నవ్వలేదు. అతని ఆత్మశాంతి కోసం అందరూ లేచి మౌనం పాటించారు. అతనూ పాటించాడు, అది అతనికి అలవాటే. మంగాయమ్మ ఒక్కతే లేవలేదు. పులిహోర గిన్నె మీద మూత పెట్టి కొంగుతో కట్టేసింది. ఆ ఏడు ఎవరికీ పులిహోర లేదు. సభలో కొంత దుఃఖం కనిపించిందంటే అందుకే.

జనం వెళ్లిపోయాక ఇద్దరూ నా దిమ్మ దగ్గర ఆగారు.

"నువ్వు నన్ను మొయ్యలేదంటన్నారన్నయ్యా. మోశావా, లేదా?"

"మోశాను."

"మరా ముక్క అక్కడనొచ్చు కదా. రేపట్నించి నా మనవలకి ఏం చెప్పుకోను? అబద్ధాలకోరు ముసిల్దనరూ నన్ను?"

సత్తియ్య శాలువా మడిచి దిమ్మ మీద పెట్టాడు. గిన్నె ఆవిడ చేతిలోంచి తీసుకుని ముందు నడిచాడు.

దిమ్మ ఎక్కినందువల్ల నాకు జరిగిన మేలు ఒకటే, పల్లపు వీధంతా కనిపిస్తుంది, పొద్దున్నే అయితే మాటలూ వినిపిస్తాయి. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వీధి మొదట్లోకొచ్చారు. మంగాయమ్మ కల్వర్టు గోడ మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోంది. సత్తియ్య వెనక్కి తిరిగి ఆవిడ ముందు వంగాడు.

"నీకేవన్నా మతిపోయిందా? నడుం పట్టేస్తే నిన్నెవరు చూస్తారు?"

అతను తన భుజం మీద చేత్తో తట్టాడు. ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, కొంగు నడుముకు దోపి, ఎక్కింది. కరెంటు స్తంభం పట్టుకుని అతను మెల్లగా లేచాడు. స్తంభం వదిలేసి వీధి నడిమికి నడిచి అక్కడ నిలబడ్డాడు.

పాల వ్యాన్ ఆగింది. చేపల ఆడవాళ్లు గంపలు దించుకున్నారు. సోమయాజులు గారు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఏమిటిది సత్తియ్యా? దించు, నలుగురూ చూస్తున్నారు."

పైనుంచి మంగాయమ్మ అంది: "వరద తియ్యనివ్వండి మేష్టారూ, దిగుతాను."

సత్తియ్య కాళ్లు ఇంకాస్త ఎడంగా వేసుకున్నాడు.