పదకొండు మీటర్ల దిబ్బ

కొండల పిన్ని కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కంప్యూటర్ తెర మీదికి వంగింది. అక్కడ ఊళ్ళుండవు, మనుషులుండరు. ఉపగ్రహం పైనుంచి కొలిచిన పరాయి దేశపు నేల, తొంభై అడుగులకొక ఎత్తు చొప్పున అంకెలై పరుచుకుని ఉంటుంది. ఆ అంకెల్లో తప్పులు ఏరడం ముప్ఫై ఏళ్ళుగా ఆమె పని. ఇన్ని పర్వతాలు కొలిచిన మనిషి ఆఫీసు మెట్లెక్కడానికి మాత్రం రెండుసార్లు ఆగుతుందని కుర్రాళ్ళు పెట్టిన పేరది.

ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. పొద్దున్నే ఇంజనీరు వచ్చాడు. ఏదో దేశంలో ఒక ఏటిలంక. వరదలప్పుడు బడిపిల్లలు తలదాచుకునే భవనానికి అక్కడొక దిబ్బ ఖాయమైందనీ, నాలుగింటికల్లా నివేదిక వెళ్ళిపోవాలనీ, ఊరికే ఒకసారి చూసి సరేనంటే చాలనీ చెప్పి వెళ్ళాడు.

దిబ్బ ఎత్తు పదకొండు మీటర్లు. చుట్టూ నేల అరచేతిలా చదును. ఏరు తెచ్చి పరిచిన ఒండ్రులో అంత దిబ్బ ఎవరు పోశారు? పైగా అంచులు గోడల్లా నిటారుగా ఉన్నాయి. అర్థంకాని సంగతి ఎదురైతే పిన్నికి అన్నం సయించదు. భోజనం డబ్బా మూత తియ్యనేలేదు.

పిన్ని చిన్నప్పుడు వాళ్ళ ఊరి బడిని కూడా మెరక మీదే కట్టామన్నారు. వరదొచ్చిన రోజు ఆ మెరకను నమ్ముకుని మునిగిపోయినవాళ్ళలో ఆమె చెల్లెలుంది. ఆ మాట ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఇంకా సన్నని కొలతల కోసం వెతికింది. ఒకచోట ఉన్నాయి గానీ అనుమతి లేదు. ఇంకొకచోట దేశమంతా ఉంది, ఆ లంక తప్ప. చివరికి అక్కడి సర్వే ఆఫీసుకే ఫోన్ చేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరూ తంటాలు పడ్డాక, విమానంలోంచి లేజరుతో కొలిచినవి ఉన్నాయనీ, భోంచేసి పంపుతాననీ అవతలి పెద్దమనిషి చెప్పాడు. ఆయన భోజనం మూడున్నరకు అయింది.

మూడడుగులకొక అంకె. లేజరు ఆకుల సందుల్లోంచి దూరి నేలను తాకుతుంది. తాకిన చోట దిబ్బ లేదు, తోపుంది. ఉపగ్రహం చెట్ల కొనల్నే నేలనుకుంది. మొదళ్ళ దగ్గర భూమి ఏటిగట్టు కంటే పల్లం. పిన్ని ఇంజనీరును పిలిచి తెర చూపించింది.

చివరి నిమిషంలో ఈ మెలికేమిటని ఇంజనీరు విసుక్కున్నాడు.

"చెట్టెక్కి కూర్చోడానికి పిల్లలేమైనా కోతులా నాయనా? ఆ ఉత్తరపు గట్టు చూడు, వరద అందనంత ఎత్తు. అదీ నేలంటే," అంది పిన్ని.

అతను రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూశాడు. నివేదిక రేపు పంపుతామని రాసి, స్థలం మార్చాడు.

ఆమె బీరువా తాళంచెవి అప్పగించి, మిగతావాళ్ళు పనిలో ఉండగానే వెళ్ళిపోయింది. బల్ల మీద ఒక ప్రింటు కాగితం ఉండిపోయింది. దాని మీద తోపు నుంచి ఉత్తరపు గట్టు దాకా పెన్సిలుతో గీసిన బాణం, మొన దగ్గర ఆ దేశంలో ఎవరూ చదవలేని అక్షరాలు: "ఇటు రండర్రా, ఇటు."