రిజిస్టరులో మూడో గడి

గాజుపలక తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఊపిరి తగిలినా మచ్చే, వేలు తగిలినా మచ్చే. పదకొండేళ్ళుగా ఆమె ఆ ప్రయోగశాలలో అలా బిగబట్టే తుడుస్తోంది. “అక్కడ గంటలు గంటలు తుడుస్తావు, ఇంట్లో కిటికీలు తుడవమంటే మాత్రం నడుం నొప్పి” అన్నాడు పొద్దున మొగుడు, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. అత్తగారు వెంటనే అందుకుంది. “గాజు తుడిచినందుకు కూడా జీతమిస్తారా తల్లీ!” ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది, ఏం చేస్తుంది మరి.

ఆ గదిలో తయారయ్యేది ఒక రకం అద్దం. లిక్విడ్ క్రిస్టల్‌ని జిగురులో కలిపి, రెండు గాజుపలకల మధ్య పోసి, యూవీ లైటు కింద పెడతారు. జిగురు గట్టిపడుతుంది, క్రిస్టల్ అందులో కంటికి కనపడనంత చిన్న బొట్లుగా చిక్కుకుపోతుంది. కరెంటు లేనప్పుడు అద్దం పాలలా తెల్లగా ఉంటుంది. మీట నొక్కితే బొట్లలోని అణువులన్నీ ఒకే వైపు తిరుగుతాయి, అవతల ఉన్న మనిషి కనపడతాడు. చెప్పడానికి ఇంతే. కానీ ఆ మిశ్రమాన్ని వెచ్చటి పలక మీద ఎంతసేపు ఉంచాలో, దాంట్లో మబ్బు పూర్తిగా విడిపోయిందని ఎప్పుడు నమ్మాలో ఆమె కళ్ళకే తెలుసు. రిజిస్టరులో మూడో గడి ‘తయారుచేసినవారు’. అద్దం ఏ పరిశోధకుడు అడిగితే ఆ గడిలో అతని పేరు రాయడం అక్కడి అలవాటు. ఇన్నేళ్ళూ ఆ పేర్లన్నీ రాసింది ఆమె చెయ్యే.

మూడు నెలల క్రితం కొత్తమ్మాయి వచ్చింది, పెద్ద చదువు చదివి. వచ్చిన వారానికే పెద్దసారు ఆ పిల్లని “మీరేమంటారు, డాక్టర్?” అని అడిగాడు. ఈమెని పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఎవరైనా ఏమంటావని అడిగారా? “ఏమ్మా, అయిందా?” తప్ప ఇంకో మాట లేదు. కుళ్ళు. అవును, కుళ్ళే, దానికి ఇంకో పేరెందుకు? ఆ పిల్ల సాయంత్రం ఐదవుతోందని గడియారం వంక చూడదు. వాళ్ళమ్మ కట్టిచ్చిన డబ్బా తెరిచి, ఇవాళేం పెట్టిందో అని ఆశ్చర్యపోతుంది. వేడి టీ వేడిగానే తాగుతుంది! అది చూసినప్పుడల్లా ఆమెకి కడుపు మండిపోయేది. పోనీ పొగరుబోతా అంటే అదీ కాదు, “అక్కా, అక్కా” అంటూ వెనకాలే తిరుగుతుంది. మనసారా తిట్టుకోవడానికి కూడా సందివ్వదు.

ఆ వారం పెద్దసారు అతిథుల్ని పిలిచాడు. వాళ్ళకి చూపించే అద్దం తానే చేస్తానంది కొత్తమ్మాయి. మిశ్రమం కలిపింది, వెచ్చబెట్టింది, రిజిస్టరులో పేరు రాసుకుంది. పైపలక మూసేటప్పుడు మిశ్రమంలో ఓ మూల సన్నటి మబ్బు ఇంకా తిరుగుతోంది. ఆమె చూసింది. ‘ఆగు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. డాక్టరమ్మకి తెలియదా ఏం, అనుకుని తన గాజు తను తుడుచుకుంది.

పెద్దసారు అద్దం వెనక నిలబడ్డాడు. ఇటువైపు అతిథులు. కొత్తమ్మాయి మీట నొక్కింది. కోటు కనపడింది, టై కనపడింది, మొహం ఉన్నచోట మాత్రం తెల్లటి మరక అలాగే ఉండిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కడుపు చల్లబడింది. ఎంత హాయిగా ఉందో!

అతిథులు వెళ్ళగానే పెద్దసారు తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు.

“ఏమ్మా, ఇలా తగలేశావేంటి?”

కొత్తమ్మాయే ముందుకొచ్చింది. “సార్, అది నేను చేసింది. రిజిస్టరులో నా పేరే ఉంది.”

“రిజిస్టరుదేముందండీ! ఇక్కడ అద్దాలన్నీ చేసేది ఈవిడేనని మనందరికీ తెలిసిందేగా” అన్నాడాయన, చాలా మామూలుగా.

తెలుసట. అందరికీ తెలుసట. అద్దం బాగా కుదిరిన ప్రతిసారీ ఆ గడిలో ఎవరెవరి పేర్లో ఉన్నాయి, ఫొటోల్లో ఎవరెవరో నిలబడ్డారు. అప్పుడూ వీళ్ళకి తెలుసు. పాడైన అద్దం ఒక్కటి వచ్చేసరికి ఆమె గుర్తొచ్చింది! పక్కన ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళతో నిలబడి ఉంది. మూడు నెలలుగా దీని వేడి టీ మీదా నేను ఏడుస్తున్నది, అనుకుంది ఆమె. తన మీద తనకే సిగ్గేసింది.

“మబ్బు పోకముందే మూసేశావు” అంది కొత్తమ్మాయితో. “నేను చూశాను. కుళ్ళుకుని చెప్పలేదు. తప్పు నాది కూడా.”

ఫోను మోగింది. ఐదైంది, మొగుడు. బోర్లా పెట్టేసింది. అల్మారాలోంచి పాత రిజిస్టర్లన్నీ దించి బల్ల మీద పేర్చింది. అతిథుల కోసం వేసిన మెత్తటి కుర్చీ లాక్కుని కూర్చుని, అన్నిటికంటే పాతదాని మొదటి పేజీ తెరిచింది. మూడో గడిలో పేరు కొట్టేసి, పైన తన పేరు రాసింది.

“ఏంటమ్మా అది, ఏం చేస్తున్నావు?”

“మీకు తెలిసిందే రాస్తున్నాను సార్” అంది ఆమె తలెత్తకుండా. “ఇవాళ్టిదొక్కటీ ఆ అమ్మాయిది. మిగతావన్నీ నావి.”