పదకొండు పాటలు

రాత్రి షిఫ్టు ముగిసే వేళ, పొద్దున ఏడు కావస్తున్నా రాజనర్సు తన మరమగ్గం, అదే సాంచా, చట్రం మీద అరచెయ్యి ఆనించే నిలబడి ఉన్నాడు. సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గరి ఈ కార్ఖానాలో ముప్పై రెండేళ్లుగా ఆయనకు అదే అలవాటు. పోగు తెగితే మిగతావాళ్లు కళ్లతో చూసి తెలుసుకుంటారు, ఆయనకు అరచేతికే తెలిసిపోతుంది. పగటి షిఫ్టు లస్మయ్య వచ్చి ఎదురుగా నిలబడి, రెండు వేళ్లు కత్తెరలా విప్పి చూపించాడు. పోగులేమైనా తెగాయా అని. లేదన్నట్టు తలాడించి రాజనర్సు పక్కకు తప్పుకున్నాడు. నలభై సాంచాలు ఒక్కపెట్టున మోగే చోట నోటితో మాట్లాడేవాడు పిచ్చివాడు. ఆకలికొక సైగ, సేఠ్ వస్తున్నాడంటే ఒక సైగ, సాంచా ఆపాలంటే అరచెయ్యి గుండె మీద బోర్లించడం. ఇవి ఎవరూ నేర్పరు. పనిలో చేరిన వారానికల్లా వాటంతటవే వచ్చేస్తాయి.

బయటికొచ్చాక కూడా రాజనర్సుకు ఆ సైగలే దిక్కు. సాంచాల మోత ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత టీవీ, ఆ తర్వాత మనుమరాలి ముద్దుమాటలు. ఇప్పుడు ఎవరైనా మొహంలో మొహం పెట్టి అరిస్తే ఏదో గొణిగినట్టు ఉంటుంది, మిగతాది పెదాలు చూసి పట్టుకుంటాడు. ఈ సంగతి భార్య వజ్రమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. సాంచా నడపడానికి చెవులు అక్కర్లేదు, నిజమే. కానీ ఆయన పెళ్లి బ్యాండులో క్లారినెట్ కూడా వాయిస్తాడు. ఆ పనికీ అక్కర్లేదని ఎవరినైనా ఒప్పించండి చూద్దాం.

ఆయన ఇంటికొచ్చేసరికి వజ్రమ్మ బ్యాండు ఎర్రకోటు ఇస్త్రీ చేసి మంచం మీద పరిచి ఉంచింది. భుజాల మీద జరీ కుచ్చులు, ఛాతీ మీద ఆరు పసుపు గుండీలు. చాయ్ చేతికిచ్చి, మొహం ఆయన మొహానికి ఎదురుగా పెట్టి అడిగింది.

"ఎన్నొద్దులు దాస్తవ్? బ్యాండు మాస్టర్ పరమేశ్వర్‌కు చెప్పరాదు?"

"చెప్తె కోటు ఇడిపిస్తడు."

"ఇడిపిస్తె ఇడిపిచ్చిండు. ఇంట్ల కూసో."

"కూసొని ఏం జెయ్యాలె? సాంచ, ఇల్లు. ఇల్లు, సాంచ. గంతేనా నా బతుకు?"

వజ్రమ్మ కోటు మీద లేని ముడతను అరచేత్తో ఇంకోసారి సవరించి వంటింట్లోకి పోయింది.

ఒకప్పుడు రాజనర్సుకు అరవై పాటలు వచ్చు. పెళ్లికొక వరస, వీధికొక వరస. ముందు అనుకున్నదొకటైతే వాయించేది ఇంకొకటి. "నీతోని యాతన రా అయ్యా" అని మాస్టర్ పరమేశ్వర్ తల పట్టుకునేవాడు. చెవులు తగ్గేకొద్దీ పాటలూ జారిపోయాయి. వినకుండా వాయిస్తే వేళ్లు ఎక్కడో తడబడేవి. తడబడిన పాటనల్లా ఆయన మెల్లగా పక్కన పెట్టేశాడు. చివరికి వేళ్లు కలలో కూడా మరిచిపోనివి పదకొండు మిగిలాయి. పదేళ్లుగా అవే పదకొండు, అదే వరసలో. నిజం చెప్పాలంటే ఆ పదకొండూ ఆయనకు రోత పుట్టించాయి.  కానీ వాటిని దాటి అడుగేస్తే తన చెవుడు నడివీధిలో బయటపడుతుంది. కొత్త పాటలు ఎలా ఉంటాయో ఆయన విననే లేదు.

పెద్ద డోలు దెబ్బ ఛాతీకి తెలుస్తుంది, దాన్ని బట్టి పాట మొదలుపెడతాడు. క్లారినెట్ కొసను పై పళ్లతో గట్టిగా కొరికిపట్టి వాయిస్తే ఆ అదురు దవడలోంచి తలలోకి పాకుతుంది. ఆయన పాట వినడమంటే అంతే.

మధ్యాహ్నం టెంపోలో అందరూ సూరత్ శివారులోని ఉన్ అనే పేటకు చేరారు. నాలుగింటికి బరాత్. చాయ్ బండి దగ్గర పాత గొడవే మళ్లీ లేచింది. ట్రంపెట్ వాయించే చిరంజీవికి ఇరవై ఆరేళ్లు, సూరత్‌లోనే పుట్టాడు. వాళ్ల నాన్న రాజనర్సు పక్క సాంచా మీదే పనిచేసి పోయాడు. రాజనర్సుతో ఎదురుబడి వాదించేది బ్యాండు మొత్తంలో వాడొక్కడే.

"కాకా, పోయిన వారం వడోద్‌ల కొట్టింది గీ ఉన్ పోరల ఫోన్లల్ల ఉన్నది. మూడోది కాంగనే నాలుగోది వాళ్లే పాడుతున్నరు. ఇజ్జత్ పోతుంది."

"పెండ్లిపిల్లగానికి ఒక్కటే పెండ్లి. ఆనికి పదకొండూ కొత్తయే."

"నీకు బోర్ కొట్టదా?"

"పనికి బోరేంది? సాంచ దినాం ఒక్క తీరుగనే ఆడుతది, బట్ట రాకుంట ఉన్నదా?"

అందరూ నవ్వారు. తానే గెలిచాననుకుని రాజనర్సు టెంపో అంచున కూర్చుని, తల వంచుకుని క్లారినెట్ బిగించుకోసాగాడు. ఆయనకు వినపడని మాట మనమైనా వినాలి. వెనక నిలబడి పరమేశ్వర్ ఇలా తేల్చాడు.

"అన్నీ మార్చొద్దు, అన్నీ ఉంచొద్దు. పది గట్లనే ఉంటయి. ఎనిమిదోది తీసేద్దం. దాని జాగల కొత్తది ట్రంపెట్ ఎత్తుకుంటది, రాజన్న గప్పుడు జర ఆగుతడు. సరేనా రాజన్నా?"

రాజనర్సు తలెత్తాడు. అందరూ తనకేసే చూస్తున్నారు. సాంచాల మధ్య ముప్పై రెండేళ్లు బతికినవాడు అలాంటప్పుడు ఏం చేస్తాడో అదే చేశాడు, తలూపాడు. ఇంత మొండివాడు ఇంత సులువుగా ఒప్పుకున్నందుకు చిరంజీవి సంతోషం పట్టలేక ఆయన భుజం తట్టాడు. రాజనర్సు కూడా నవ్వాడు.

బరాత్ కదిలింది. ఎండ ఇంకా దిగలేదు, ఎర్రకోటు కింద ఒళ్లంతా చెమట. ఏడో పాట కిరాణా కొట్టు మూలమలుపు దగ్గర ముగిసింది. డోలు రెండు దెబ్బలు ఛాతీకి తగిలాయి. రాజనర్సు కళ్లు మూసుకుని ఎనిమిదోది ఎత్తుకున్నాడు.

అవతల ట్రంపెట్ కొత్తపాట అందుకుంది. రెండు పాటలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఎగిరేవాళ్లు అడుగు ఏ పాటకు వెయ్యాలో తెలియక ఆగిపోయారు. డోలు తడబడింది. ట్రంపెట్ ఆగింది, క్లారినెట్ ఒక్కటే మిగిలింది. రాజనర్సు పళ్లకు మాత్రం పాట చక్కగా అందుతోంది. ఒకసారి కళ్లు తెరిచి చూస్తే జనమంతా ఫోన్లు పైకెత్తి తనవైపే తిప్పారు. అందరి మొహాల్లో నవ్వు. ఎన్నేళ్లకు, తన వాయింపు నచ్చిందన్నమాట. ఆయన గుండె పొంగింది. పదేళ్లుగా వెయ్యని గమకమొకటి వేసి, పాటను పైస్థాయికి లాక్కెళ్లాడు.

వెనకనుంచి చిరంజీవి పిలిచాడు. "కాకా." మళ్లీ పిలిచాడు. మూడోసారి భుజం వెనకనే నిలబడి అరిచాడు. రాజనర్సు మెడ కూడా తిప్పలేదు. చిరంజీవి మొహం పాలిపోయింది. గబగబా ముందుకొచ్చి, నాన్న దగ్గర చూసి నేర్చుకున్నట్టే, అరచేతిని గుండె మీద బోర్లించాడు.

సాంచా ఆపు.

రాజనర్సు వేళ్లు వాటంతటవే నిలిచిపోయాయి. చుట్టూ చూశాడు. నోళ్లు తెరిచి నవ్వుతున్నారు. డోలు కర్ర గాలిలోనే ఉంది, పరమేశ్వర్ నేల చూపులు చూస్తున్నాడు. ఏం జరిగిందో ఒకరు చెప్పే పని లేకపోయింది.

చిరంజీవి పెదాలు మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి కదిలాయి. "పాతయే వాయిద్దం కాకా. అన్నీ పాతయే. మాస్టర్‌కు నేను చెప్త."

నవ్వినవాళ్ల మీద రాజనర్సుకు కోపం రాలేదు. ఈ మాటకే ప్రాణం చచ్చిపోయింది. ఇన్నాళ్లూ తనతో సమానంగా కొట్లాడినవాడు ఇప్పుడు పసిపిల్లకు చెప్పినట్టు చెబుతున్నాడు. రేపటి నుంచి అందరూ ఇలాగే చెబుతారు. ఆ పదకొండు పాటలూ ఇకమీదట తన మీద జాలితో వాయిస్తారు.

చెయ్యెత్తి, రెండు వేళ్లు కత్తెరలా విప్పి చిరంజీవికి చూపించాడు. పోగు తెగింది.

పరమేశ్వర్ ఈల ఊది తొమ్మిదోది మొదలుపెట్టించాడు. పెళ్లివారిని నిలబెట్టలేరు కదా. జనం కదిలారు, రాజనర్సు వాళ్లకు దారిచ్చి కిరాణా కొట్టు గోడ వైపు జరిగాడు. ఆయన ఎప్పుడు వెళ్లాడో ఎవరూ చూడలేదు. రాత్రి షిఫ్టు ఏడింటికి. పర్వత్ పాటియాకు షేర్ ఆటోలో, బనియను మీద, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని వెళ్లాడు. ఏడుకు ఐదు నిమిషాలుండగా లస్మయ్య పక్కకు తప్పుకుంటే, రాజనర్సు సాంచా మీద అరచెయ్యి ఆనించాడు.

అంతకుముందే, ఉన్‌లో పదకొండో పాట మండపం ముందు ముగిశాక చిరంజీవి టెంపో దగ్గరికి పరుగున వచ్చాడు. ముందు సీట్లో ఎర్రకోటు గుండీలు లోపలికి పెట్టి మడిచి ఉంది. దాని మీద క్లారినెట్. కోటుకు చెమట తడి ఇంకా ఆరలేదు. క్లారినెట్‌ను నోట్లో పెట్టుకునే నల్లటి కొస మీద, పై పళ్లు ఆనే చోట, గోరు దిగేటంత లోతున రెండు గుంటలు పడి ఉన్నాయి.