మూడింటికి వెళ్ళే మనిషి

ఎవరికి వీలైన వేళల్లో వాళ్ళు పనిచేసుకోవచ్చని కంపెనీ గోడల నిండా రాసి పెట్టుకుంది. ఫిర్యాదుల విభాగంలో ఆ మాట నమ్మిన అమాయకురాలు ఒక్కతే. అందరూ తొమ్మిదికి వస్తే ఆమె ఆరింటికే వచ్చి, మూడింటికి వెళ్ళిపోయేలా పైవాళ్ళందరి సంతకాలూ తెచ్చుకుంది. ఆరేళ్ళ కూతురికి మాట సరిగ్గా రాదు. మాటలు నేర్పే టీచరు దగ్గర మంగళవారం మూడున్నరకు చోటు దొరకడానికే ఎనిమిది నెలలు పట్టింది. మూడుసార్లు రాకపోతే ఆ చోటు ఇంకో పిల్లకి ఇచ్చేస్తారు. రెండుసార్లు అప్పటికే అయిపోయాయి, మూడింటికి పెట్టిన మీటింగుల పుణ్యమా అని.

ఆ మంగళవారం మూడుకు పది నిమిషాలుండగా మేనేజరు వచ్చాడు. కాదన్నా నవ్వుతూనే అంటాడు కాబట్టి సెక్షన్లో అతన్ని చిరునవ్వు అంటారు.

"మన పనివేళల మీద వీడియో తీస్తున్నారమ్మా. అందులో మీరే ఉండాలి."

"ఎప్పుడు సార్?"

"మూడింటికి. మీరు బ్యాగు సర్దుకునేది అప్పుడే కదా, సహజంగా ఉంటుంది."

ఆమెకు ఒళ్ళు మండింది. "మూడింటికి నేను వెళ్ళిపోవాలి సార్. మీరు తీసేది దాని గురించే కదా."

"అందుకేగా మిమ్మల్ని ఎంచుకుంది. కాదంటే పైవాళ్ళు మీ వేళల సంగతి మళ్ళీ చూద్దామంటారు. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

ఆగిపోయింది. ఆగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బ్యాగు సర్దింది, లేచింది, "నేను మూడింటికి వెళ్ళిపోతాను" అంది. వెలుతురు చాలలేదన్నారు వీడియో తీసేవాళ్ళు. బ్యాగులోవన్నీ మళ్ళీ బల్ల మీద పెట్టింది. నవ్వు చాలలేదన్నారు. ఐదోసారి సర్దుతుండగా టీచరు దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. చోటు వేరే పిల్లకి ఇచ్చేశారు.

ఆమె కెమెరా వైపు తిరిగింది. "టైం నాలుగైంది. మీ వీడియో కోసం నా కూతురి క్లాసు పోగొట్టుకున్నాను. ఇది కూడా వేసుకోండి."

వాళ్ళు వేసుకోలేదు. నవ్విన ముక్క మాత్రం కంపెనీ ఉద్యోగ ప్రకటనల్లోనూ, లిఫ్టులోని తెర మీదా రోజంతా తిరుగుతూనే ఉంది. కొన్ని వారాల తర్వాత, నెలల బిడ్డను ఇంట్లో వదిలి పనిలోకి వచ్చిన కొత్తమ్మాయి ఆ లిఫ్టులోనే ఆమె చేయి పట్టుకుంది.

"ప్రకటనలో మిమ్మల్ని చూశాకే ధైర్యం వచ్చిందక్కా. వేరే కంపెనీ పిలిచినా వద్దని ఇక్కడ చేరాను."